లోపల చెయ్యి పెట్టాల్సిన పని లేని ప్రెస్సు కావాలి: బేలింగ్ ప్రెస్సుల తయారీదారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తయారీదారులకు, డిజైన్ ఇంజినీర్లకు, సేల్స్, సర్వీస్ విభాగాల బాధ్యులకు,

విషయం: బేలింగ్ ప్రెస్సుల భద్రతలో, వాడకంలో మార్పులు కోరుతూ

నమస్కారం.

అట్టపెట్టెలు, కాగితం, ప్లాస్టిక్ కవర్లు, బట్ట పీలికలు, రేకు డబ్బాలు, ఏవైనా సరే నొక్కి వైరుతో బిగించి బేళ్లు కట్టే యంత్రాలు మీరు తయారుచేస్తారు. వాటిని నడిపేదీ, పాడైతే బాగుచేసేదీ మేము. నేను ఫిట్టర్ని. ఆపరేటర్లు, హెల్పర్లు, నేను కూర్చుని మాట్లాడుకున్న విషయాలే ఇందులో ఉన్నాయి. మీ యంత్రాలు గట్టివి, ఏళ్ల తరబడి నడుస్తాయి, అందులో అనుమానం లేదు. అన్నేళ్లు నడుస్తాయి కాబట్టే ఈ ఉత్తరం. ఇవాళ డ్రాయింగులో వదిలేసిన లోపం ఆ యంత్రం తుక్కుకు పోయేదాకా ఎవరో ఒకరి చేతుల మీద పడుతూనే ఉంటుంది.

ఈ సంగతులు ఒక తయారీ సంస్థకు ముందే రాసి పంపాం. సరుకు వేసే ద్వారానికి ఉన్న గేటు స్విచ్ ఎలా పాడవుతోందో, కట్టిన బేలు బయటికి తీసే తలుపు తెరిచేటప్పుడు ఏం జరుగుతోందో ఫోటోలతో సహా ఇచ్చాం. యంత్రం ప్రమాణాల ప్రకారమే ఉందనీ, ఆపరేటర్లకు శిక్షణ ఇప్పించుకోమనీ జవాబొచ్చింది. మళ్లీ రాస్తే అసలు జవాబే లేదు. ఆ సంస్థ పేరు ఇక్కడ చెప్పడం లేదు. వేరే కంపెనీల ప్రెస్సులు నడిపే మిత్రులను అడిగినా వాళ్లకు వచ్చిన జవాబూ ఇంచుమించు ఇదే. అందుకే ఇక అందరికీ కలిపి రాస్తున్నాం.

మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. ప్రెస్సుతో పని ఎంత ఇబ్బందిగా ఉంటే అంత ప్రమాదం. మీ కేటలాగుల్లో భద్రత ఒక పేజీలో, వాడకంలో సౌలభ్యం ఇంకో పేజీలో ఉంటాయి. యంత్రం ముందు నిలబడినవాడికి ఆ రెండూ ఒకటే. గేటు బరువైతే దాన్ని తెరిచి కట్టేస్తాడు. వైరు దూర్చడం కష్టమైతే లోపలికి వంగుతాడు. ఇరుక్కున్న సరుకును, అంటే జామ్‌ను, తీయడానికి వేరే దారి లేకపోతే సరుకు పోసే తొట్టి అయిన హాపర్‌లోకి దిగుతాడు.

ముందు జరుగుతున్నదేమిటో చెప్పనివ్వండి.

1. బలం సంగతి మీకు చెప్పాల్సిన పనిలేదు గానీ, ఈ లేఖ మామూలు జనం కూడా చదువుతారు. 100 మిల్లీమీటర్ల బోరు (లోపలి వ్యాసం) ఉన్న సిలిండర్‌కు 150 బార్ ఒత్తిడి ఇస్తే, సరుకును నొక్కే ప్లేటు మీద పడేది సుమారు 118 కిలోన్యూటన్లు, అంటే దగ్గర దగ్గర 12 టన్నులు. ఇది చిన్న నిలువు ప్రెస్సు లెక్క. పెద్దవాటి సంగతి వేరే చెప్పాలా? పైగా ప్లేటు నెమ్మదిగా దిగుతుంది. "ఈలోగా చెయ్యి లాగేసుకోవచ్చు" అనిపించేది ఆ నెమ్మది చూసే. వేగం తక్కువైనంత మాత్రాన బలం తగ్గదు. ఫీడ్ ద్వారం కింది అంచును ప్లేటు దాటే చోట నలగడం ఉండదు, తెగడమే.

ఆపమన్నాక కూడా అది వెంటనే ఆగదు. రక్షణ పరికరాన్ని ఎంత దూరంలో బిగించాలో చెప్పే ఐఎస్‌ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) 13855 ప్రమాణం దగ్గరి దూరాల్లో చేతి వేగాన్ని సెకనుకు 2 మీటర్లుగా, మనిషి నడిచివచ్చే వేగాన్ని 1.6 మీటర్లుగా లెక్క కడుతుంది. ప్లేటు ఆగడానికి అర సెకను పట్టిందనుకుందాం. ఆ అర సెకనులో మనిషి నడక లెక్కన చూసినా 80 సెంటీమీటర్లు ముందుకు వచ్చేస్తాడు. మరి కాంతి కిరణాలకు చెయ్యి అడ్డం రాగానే యంత్రాన్ని ఆపే లైట్ కర్టెన్‌ను ద్వారానికి ఆనుకుని బిగించి పంపితే అది ఎవరిని కాపాడుతుంది? వాల్వులు అరిగేకొద్దీ ఆగే సమయం పెరుగుతుంది కూడా. సర్వీసుకు వచ్చినవాళ్లు దాన్ని కొలవడం మేమెవ్వరం చూడలేదు.

2. గేటు స్విచ్. మా దగ్గర వచ్చే తగువుల్లో సగం దీని చుట్టూనే.

గేటు పడితేనే ప్లేటు కదలాలి. గేటు పడిందని కంట్రోల్ ప్యానెల్‌కు చెప్పేది చాలా ప్రెస్సుల్లో ఒక చిన్న లిమిట్ స్విచ్. అట్ట దుమ్ము, ప్లాస్టిక్ పొట్టు దాని లీవర్ దగ్గర పేరుకుంటాయి. గేటు దబ్బున పడినప్పుడల్లా బ్రాకెట్ కొంచెం వంగుతుంది. కొన్నాళ్లకు గేటు వేసినా యంత్రం కదలదు. ఆపరేటర్ గేటును మళ్లీ తెరిచి మూస్తాడు, మోకాలితో తంతాడు. వెనక సరుకు గుట్టపడుతుంది, సూపర్‌వైజర్ వచ్చి నిలబడతాడు. ఆ స్విచ్ బయట ఎక్కడా దొరకదు, మీ దగ్గరే కొనాలి, వచ్చేసరికి వారాలు పడుతుంది. అప్పుడు ఒక వైరు ముక్కతో (దీన్నే జంపర్ వైరు అంటాం) రెండు టెర్మినళ్లూ కలిపేస్తారు. యంత్రం నడుస్తుంది. కొత్త స్విచ్ వచ్చేనాటికి గేటు తెరిచి ఉంచి నడపడం అందరికీ అలవాటైపోతుంది, ఆ స్విచ్ డబ్బాలోంచి బయటికే రాదు.

అయస్కాంతంతో పనిచేసే సెన్సార్లు పెట్టామని మీలో కొందరంటారు. తన జత అయస్కాంతాన్ని మాత్రమే గుర్తుపట్టే కోడింగ్ లేని మామూలు రకమైతే ఒక అయస్కాంతపు ముక్కను టేపుతో అంటిస్తే చాలు, గేటు మూసే ఉందని నమ్ముతుంది. గేటు తెరిచి ఉంటే యంత్రం కదలకుండా ఆపే ఇంటర్‌లాకుల గురించి చెప్పే ఐఎస్‌ఓ 14119 ప్రమాణం 2013 కూర్పులోనే ఈ సంగతి ఉంది. ఇంటర్‌లాక్‌ను తప్పించాలని పనివాడికి ఎందుకు అనిపిస్తుందో తయారీదారే ముందుగా అంచనా వేసుకోవాలి, ఆ కారణాన్ని డిజైన్‌లోనే తగ్గించాలి అంటుంది. గేటు ఎత్తడానికి ఎంత బరువుగా ఉంది? ఒక్కో పెట్టెకూ గేటు తీసి వేయాల్సి వస్తోందా? సైకిల్ మధ్యలో లోపలికి తొంగిచూడాల్సిన అవసరం ఎందుకు వస్తోంది? ఈ ప్రశ్నలు అడగడానికి మీలో ఎవరైనా షిఫ్టు మొత్తం మా పక్కన నిలబడ్డారా?

3. జామ్ తీయడం. నిలువు ప్రెస్సులో ప్లేటుకూ గోడకూ మధ్య అట్ట ఇరుక్కుంటుంది. అడ్డ ప్రెస్సుల్లో సరుకును తోసే ర్యామ్‌కున్న బ్లేడు మొద్దుబారితే సరుకు తెగకుండా మడతపడి అక్కడే బిగుస్తుంది. పెద్ద పెట్టెలు హాపర్‌లో ఒకదానికొకటి ఆనుకుని వంతెనలా నిలబడిపోతాయి, కింద ఖాళీ, పైన బరువు. దాన్ని కదపడానికి మీరిచ్చిన సాధనం ఏమిటి? చాలా యంత్రాలకు ఏమీ లేదు. మనిషి పైకెక్కి కాలితో తొక్కుతాడు. కాలి కింద వంతెన కూలిందంటే నేరుగా ర్యామ్ ముందుకే పడతాడు.

ఇక్కడే అసలు భయం. హాపర్‌లో సరుకు నిండిందని ఫోటో సెన్సార్ గమనించగానే ర్యామ్ దానంతటదే కదలడం ఈ యంత్రాల పద్ధతి. సెన్సార్‌కు తెలిసేది ఏదో అడ్డం వచ్చిందని మాత్రమే. వచ్చింది అట్ట కట్టో, జారిపడిన మనిషో దానికి తెలియదు. జారిపడ్డ మనిషి తానే యంత్రాన్ని నడిపించినట్టవుతుంది. ఇదేమీ ఊహ కాదు. అమెరికాలో వృత్తిపరమైన భద్రతను పరిశోధించే ప్రభుత్వ సంస్థ నియోష్, చెత్తను కుదించే, బేళ్లు కట్టే యంత్రాల వల్ల జరిగే మరణాల గురించి 2003లోనే ప్రత్యేక హెచ్చరిక పత్రం వెలువరించింది. అదొచ్చి ఇరవై ఏళ్లు దాటినా కన్వేయర్ పక్కన రెయిలింగ్ లేని ప్రెస్సులు ఇంకా అమ్ముడవుతూనే ఉన్నాయి.

వైరు ముడివేసే యంత్రాంగం ఇంకో తలనొప్పి. ముడి సరిగా పడకపోతే వైరు కొస సరిచేయడానికి సూదులు కదిలే చోటికి చేతులు పోవాలి. అక్కడ గార్డు తీయాలంటే ఎనిమిది బోల్టులు విప్పాలి. షిఫ్టుకు పలుమార్లు ముడి తప్పే యంత్రానికి ఎనిమిది బోల్టుల గార్డు పెడితే, అది మొదటి వారంలోనే గోడకు ఆనించి కనిపిస్తుంది. తీసినవాణ్ని ఎంత తిట్టినా లాభం లేదు.

4. తలుపు. బేలు కట్టేటప్పుడు ప్లేటు కిందే నొక్కి ఉంటుంది, తలుపు తెరిచి వైర్లు బిగిస్తాం. అంటే తలుపు తీసే క్షణానికి లోపల సరుకు ఒత్తిడిలోనే ఉంటుంది. పక్కకు తన్నే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు అర కిలోయే అనుకోండి. మీటరు వెడల్పు, 80 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న తలుపు మీద అది మొత్తం 4,000 కిలోలు. గొళ్లెం ఒక్క దెబ్బతో ఊడే రకమైతే ఆ నాలుగు టన్నులూ ఎదురుగా ఉన్నవాడి ఛాతీ మీదకో మొహం మీదకో వస్తాయి. ఫోమ్, ప్లాస్టిక్ ఫిల్మ్ లాంటివి మరీ ఎగదన్నుతాయి. చక్రం తిప్పుతూ కొంచెం కొంచెంగా వదులయ్యే స్క్రూ లాక్ ఉంటే ఈ గొడవే లేదు. అలాంటి లాకులు మీ దగ్గర ఉన్నాయి, ఖరీదైన మోడళ్లకు పెడుతున్నారు.

దీనికి తోడు బేలు నిండిందని చెప్పే లైటు ఉండదు, లేదా ఉన్నా పనిచేయదు. ఇంకో నాలుగు పెట్టెలు పడతాయిలే అని ఎక్కువ నింపుతారు, అప్పుడు గొళ్లెం బిగుసుకుపోతుంది. సుత్తి తెచ్చి కొడతారు. సుత్తి దెబ్బలు తిన్న గొళ్లేలను మేం ఎన్నింటికి వెల్డింగ్ చేశామో!

5. బేలు బయటికి తోసేటప్పుడు అది దొర్లి పడేది తలుపు ముందు. చాలా యంత్రాల్లో ఎజెక్షన్ బటన్ ఉండేదీ అక్కడే, దాదాపు ఆ వరుసలోనే. వందల కిలోల బేలు మనిషి పాదాల మీదకు రావడానికి ఇంతకంటే తేలిక దారి లేదు. బిగుతుగా ఉన్న వైరు తెగితే కొస కళ్లను వెతుక్కుంటూ వచ్చినట్టే వస్తుంది. కళ్లద్దాలు పెట్టుకోవడం మా బాధ్యత, ఒప్పుకుంటాం. కానీ వైరు దూర్చడానికి మోకాళ్ల మీద కూర్చుని, తలను వైరు ఎత్తుకు తెచ్చి, వెనక గాడిలోకి సువ్వ పొడవాల్సి రావడం మీరు గీసిన గీత.

6. హైడ్రాలిక్స్. నూనె గొట్టం (హోస్) పగిలినా ఎత్తిన ప్లేటు ఎక్కడిదక్కడ ఆగాలి. లోడ్‌ను పట్టి ఉంచే వాల్వు సిలిండర్‌కే బిగించి ఉంటే ఆగుతుంది, దూరంగా నూనె పంపు ఉండే పవర్ ప్యాక్ దగ్గర పెడితే మధ్యలో పగిలిన హోస్‌కు అది అడ్డుపడలేదు. సన్నటి రంధ్రం పడిన హోస్ నుంచి చిమ్మే నూనె చర్మాన్ని పొడుచుకుని లోపలికి పోతుంది. బయటికి సూది గుచ్చినంత గాటే కనిపిస్తుంది కాబట్టి పట్టించుకోరు. గంటల్లో ఆపరేషన్ చేయకపోతే వేళ్లు తీసేయాల్సి రావచ్చు. లీకును చేత్తో తడిమి వెతకకూడదు, అట్ట ముక్క అడ్డం పెట్టి చూడాలి. ఈ ఒక్క మాట పవర్ ప్యాక్ మూత మీద బొమ్మతో అంటించడానికి ఎంత ఖర్చవుతుంది?

7. ఇక గాయపడేదెవరు? శిక్షణ పొందిన ఆపరేటర్ ఒక్కడే ప్రెస్సు దగ్గరుంటాడని మీ మాన్యువల్ అనుకుంటుంది. ఉన్నమాట వేరు. దుకాణం వెనక గదిలో ఉన్న ప్రెస్సు దగ్గరికి ఆ రోజు ఖాళీగా ఉన్నవాళ్లెవరైనా వస్తారు. సరుకు సర్దే అమ్మాయి, ఊడ్చే మనిషి, నిన్న పనిలో చేరిన కాంట్రాక్టు కుర్రవాడు. రీసైక్లింగ్ యార్డులో హెల్పర్ అంటే ఏ పనైనా చేసేవాడే. చెయ్యి పోయిన హెల్పర్‌కు వేరే పని దొరకదు. అతని పేరు హాజరు పట్టీలో సరిగా ఉండదు కాబట్టి నష్టపరిహారం దగ్గర పేచీ మొదలవుతుంది. ఇంట్లో చదువుకునే పిల్ల చదువు మానుతుంది, భార్య రెండో చోట కూడా పనికి కుదురుతుంది. విచారణ కాగితంలో మాత్రం కారణం దగ్గర "ఆపరేటర్ నిర్లక్ష్యం" అని రెండు మాటలుంటాయి. స్విచ్ ఎన్నాళ్లుగా పనిచేయడం లేదో, విడిభాగానికి ఆర్డరు ఎప్పుడు పెట్టారో ఆ కాగితంలో రాయడానికి గడి కూడా ఉండదు.

తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు, ప్రమాదం జరిగాక తప్పు అందరికీ కొంచెం కొంచెం పంచుతారు. యజమాని గార్డు తీయించాడు, సూపర్‌వైజర్ తొందరపెట్టాడు, ఆపరేటర్ చెయ్యి పెట్టాడు. అవన్నీ నిజమే. కానీ ఆ ముగ్గురి కంటే ముందు డ్రాయింగ్ బల్ల దగ్గర కూర్చున్నది మీరు. యంత్రాల భద్రతకు మూలమైన ఐఎస్‌ఓ 12100 ప్రమాణం, 2010 కూర్పు, మూడు మెట్లు వరసగా చెబుతుంది. మొదట డిజైన్‌లోనే ప్రమాదాన్ని తీసేయాలి. అది కుదరని చోట గార్డులు, రక్షణ పరికరాలు పెట్టాలి. అప్పటికీ మిగిలిన ప్రమాదానికే హెచ్చరికలు, సూచనలు, శిక్షణ. మాకు వచ్చిన జవాబు మూడో మెట్టు దగ్గర మొదలై అక్కడే ఆగిపోయింది. నిలువు ప్రెస్సులకు ఈఎన్ 16500, అడ్డ ప్రెస్సులకు ఈఎన్ 16252 అని ఐరోపాలో విడివిడిగా ప్రమాణాలే ఉన్నాయి. అమెరికాలో ఏఎన్ఎస్ఐ జెడ్245.5 ప్రమాణం ఉంది. ఎలా చేయాలో తెలియక కాదు కదా ఇలా చేస్తున్నది.

ఇంకో మాట కూడా అనకుండా ఉండలేను. మీ కొటేషన్లలో లైట్ కర్టెన్, కోడింగ్ ఉన్న గేటు సెన్సార్, హాపర్ ప్లాట్‌ఫామ్ రెయిలింగ్ "ఆప్షనల్" కింద ఉంటాయి. కొనేవాడు చివరి బేరంలో మొదట కొట్టేసేది ఆ వరసలనే. ప్రాణానికి సంబంధించినదాన్ని బేరానికి పెట్టి, కొనుగోలుదారుడే వద్దన్నాడని తరువాత అనడం న్యాయం కాదు.

మా డిమాండ్లు ఇవి.

1. పైన చెప్పిన భద్రతా పరికరాలను ఆప్షనల్ జాబితా నుంచి తీసేయండి. అవి లేకుండా ప్రెస్సు అమ్మకండి. ధర ఎంత పెరుగుతుందో దాచకుండా చెప్పండి, కొనేవాళ్లను ఒప్పించడానికి మేమూ మాట సాయం చేస్తాం.

2. గేటుకు కోడింగ్ ఉన్న, తాకకుండా పనిచేసే సెన్సార్ పెట్టండి. ఒక్క భాగం పాడైనంత మాత్రాన రక్షణ పోకుండా రెండు చానళ్ల సర్క్యూట్ ఉండాలి. ప్రతి బేలుకూ గేటు కనీసం ఒక్కసారైనా తెరుచుకుని మూసుకోవాలి కదా. ఆ మార్పు కంట్రోలర్‌కు కనిపించకపోతే తరువాతి సైకిల్‌కు యంత్రం కదలకూడదు. జంపర్ వైరు వేసిన రోజే అది బయటపడుతుంది.

3. గేటు ఒంటి చేత్తో లేచేలా బరువు సమం చేయండి. ప్లేటు పైకి వెళ్లగానే గేటు దానంతటదే తెరుచుకుంటే ఇంకా మంచిది. గేటు సుఖంగా ఉంటే దాన్ని కట్టేయడానికి ఎవరూ తాడు వెతకరు.

4. జామ్‌ను మామూలు పనిగా లెక్కలోకి తీసుకుని డిజైన్ చేయండి. మీ మాన్యువల్‌లో అదేదో అరుదైన సంఘటనలా ఉంటుంది, మాకది రోజువారీ పని. హాపర్ గోడలు కిందికి వచ్చేకొద్దీ వెడల్పయ్యేలా ఉంటే వంతెన కట్టదు. బయట నిలబడే కదపగలిగే పొడవాటి సాధనం, అది పెట్టుకునే చోటు యంత్రానికే ఉండాలి. ప్లేటును వెనక్కి మాత్రమే, బటన్ నొక్కి ఉంచినంతసేపే, నెమ్మదిగా కదిలించే మోడ్ ఉండాలి. ముడివేసే భాగం గార్డు బోల్టులతో వద్దు. కీలు మీద తెరుచుకోవాలి, తెరవగానే సూదులు ఆగాలి, మూశాక బయటి నుంచి రీసెట్ నొక్కితేనే మళ్లీ కదలాలి.

5. ఫోటో సెన్సార్ ఒక్కదాని మాట మీద ర్యామ్ కదలకూడదు. హాపర్‌లోకి మనిషి పడే వీలున్న ప్రతి చోటా సరిపడా ఎత్తున్న గోడ లేదా రెయిలింగ్ ఉండాలి. కన్వేయర్ పొడవునా లాగే తాడు ఉన్న ఎమర్జెన్సీ స్టాప్ ఉండాలి. గార్డులో సందుల కొలతలు ఐఎస్‌ఓ 13857 ప్రకారం ఇవ్వండి. 40 నుంచి 120 మిల్లీమీటర్ల సందు ఉంటే ప్రమాద స్థానం కనీసం 850 మిల్లీమీటర్ల అవతల ఉండాలని అందులో ఉంది. మా చేతులు పట్టే సందులు మీ గార్డుల్లో చాలానే ఉన్నాయి, టేపు పెట్టి చూడండి.

6. రెండు మెట్ల తలుపు లాక్. మొదటి మెట్టులో తలుపు కొద్దిగానే వదులై ఒత్తిడి పోవాలి, రెండో మెట్టులో తెరుచుకోవాలి. బేలు నిండగానే లైటు వెలగాలి, ఆపైన ఫీడ్ గేటు తెరుచుకోకూడదు.

7. ఎజెక్షన్ బటన్ బేలు దొర్లే దారికి పక్కన, బేలు కనిపించే చోట ఉండాలి. నొక్కి ఉంచితేనే బేలు కదలాలి. వైర్లు ముందు నుంచే దూర్చి ముందుకే తిరిగి వచ్చేలా గాడులు గీయండి. నడుము ఎత్తుకు దగ్గరగా ముడి వేయగలిగితే ఇంకేం కావాలి.

8. ఒకే చోట మెయిన్ స్విచ్, దానికి ఎన్ని తాళాలైనా పట్టే ఏర్పాటు. కరెంటు ఆపితే సరిపోదు. నిల్వ ఉన్న హైడ్రాలిక్ ఒత్తిడి వదిలే వాల్వు, ఒత్తిడి సున్నాకు వచ్చిందని కంటి ఎత్తులో చూపే గేజి, ప్లేటును పైన నిలిపి ఉంచే ఉక్కు పిన్ను, మూడూ ఉండాలి. ఆ పిన్ను గొలుసుతో యంత్రానికే వేలాడాలి, లేకపోతే మర్నాటికి కనిపించదు. యంత్రం అనుకోకుండా కదలకుండా చూడటానికి ఐఎస్‌ఓ 14118 ఉంది, అమెరికాలో అయితే మరమ్మతు చేసేటప్పుడు స్విచ్‌కు తాళం, ట్యాగ్ వేయడం 1989 నుంచి నిబంధనే. కరెంటు పోయి వస్తే యంత్రం తనంతట మొదలవకూడదు. ఎమర్జెన్సీ బటన్‌ను తిప్పి వదిలినంత మాత్రాన కూడా మొదలవకూడదు.

9. తాళంచెవి ఉంటేనే నడిచే స్విచ్. 18 ఏళ్లలోపు వాళ్లు ప్రెస్సులు నడపకుండా అమెరికాలో నిషేధం ఉంది. 1996లో చట్టం సడలించి 16, 17 ఏళ్లవాళ్లు సరుకు వేయడానికి మాత్రం ఒప్పుకున్నారు, అదీ తాళంచెవి పెద్దవాళ్ల దగ్గర ఉండాలన్న షరతుతో. తాళంచెవి లేకుండా పచ్చ బటన్ నొక్కగానే కదిలే ప్రెస్సు ఎక్కడా ఉండకూడదు.

10. తెర మీద "ఈ-07" అని పడితే మాకేం అర్థమవుతుంది? "గేటు సరిగా పడలేదు", "నూనె వేడెక్కింది" అని నడిపేవాళ్లు చదవగలిగే భాషలో రావాలి. చదవడం రానివాళ్లకు బొమ్మ కావాలి. మాన్యువల్ మేనేజర్ గారి బీరువాలో ఉంటుంది, కాబట్టి ముఖ్యమైన నాలుగు పేజీలు చిరగని రేకు మీద యంత్రానికే బిగించండి. ఫేజులు తారుమారైతే చెప్పే రిలే కూడా పెట్టండి. కొత్త చోటికి మార్చినప్పుడు పంపు ఉల్టా తిరిగి పాడవడం, దాన్ని చూడ్డానికి మూతలన్నీ విప్పడం తప్పుతుంది.

11. భద్రతకు సంబంధించిన విడిభాగాలు మార్కెట్లో ఎక్కడైనా దొరికే కొలతల్లో ఉండాలి. అలా కుదరకపోతే మీరే నిల్వ ఉంచి, అడిగిన మూడు రోజుల్లో పంపాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుందేమో. జంపర్ వైర్లలో ఎక్కువ భాగం ఈ ఆలస్యంలోంచే పుట్టినవి.

12. ఇప్పటికే నడుస్తున్న పాత ప్రెస్సులకు గేటు సెన్సార్, తలుపు లాక్, ప్లేటు పిన్ను కలిపి ఒక కిట్‌గా, అసలు ధరకే ఇవ్వండి. చేతులు మారిన యంత్రమని తప్పించుకోవద్దు. సీరియల్ నంబరు ఉంటే చాలు.

వీటిలో కొన్నిటికి ఖర్చు ఉంది, కాదనం. ఆరు, ఏడు, పది డిమాండ్లకు అయ్యేది ఎక్కువ భాగం ఆలోచన ఖర్చే. అన్నీ ఒక్కసారి కుదరవంటే రెండు, నాలుగు, ఎనిమిదితో మొదలుపెట్టండి.

యజమానులకు ఒక మాట. కొటేషన్ వచ్చినప్పుడు ధర కింద చూసే ముందు ఆప్షనల్ వరసలు చూడండి. ప్రెస్సు ఎంచుకునేటప్పుడు దాన్ని నడపబోయే మనిషిని వెంట తీసుకెళ్లండి. అతను గేటు ఎత్తి చూసి, వైరు దూర్చి చూసి చెప్పేది బ్రోషర్‌లో ఉండదు. తనిఖీ అధికారులకు కూడా ఇదే మనవి. ప్యానెల్ తెరిపించి గేటు సర్క్యూట్ చూడండి, గేటు తెరిచి ఉంచి స్టార్ట్ నొక్కించి చూడండి. నిమిషం పని. ప్రమాద నివేదికలో "నిర్లక్ష్యం" అని రాసే ముందు ఇంటర్‌లాక్ పనిచేస్తోందా, లేకపోతే ఎప్పటి నుంచి, విడిభాగం కోసం ఎప్పుడు అడిగారు అన్నవి కూడా రాయండి.

తయారీదారులారా, ఈ లేఖ మీకు చేరిన 60 రోజుల్లో మూడు విషయాలకు రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాం. పై పన్నెండింటిలో మీ కొత్త మోడళ్లలో ఇప్పటికే ఉన్నవేవి, ఏడాదిలోగా చేర్చేవేవి, చేర్చలేమనుకుంటే ఎందుకు చేర్చలేరు. పాత యంత్రాల కిట్ ఎప్పటికి ఇస్తారు. మీ డిజైన్ విభాగం నుంచి ఒకరిని పూర్తి షిఫ్టు మా దగ్గరికి ఎప్పుడు పంపుతారు. వచ్చే మనిషి సూట్ వేసుకుని రానక్కర్లేదు, బూట్లు మాత్రం గట్టివి వేసుకుని రమ్మనండి. గేటు ఆయన చేతే ఎత్తిస్తాం, వైరు ఆయన చేతే దూర్పిస్తాం. యంత్రాన్ని ఆపి, తాళం వేసి, ఒత్తిడి వదిలి, ఆ తరువాత జామ్ తీయడానికి మీ ప్రెస్సులో ఎంతసేపు పడుతుందో ఆయన గడియారంతోనే చూసుకోవచ్చు.

జవాబు రాకపోతే ఇవే పన్నెండు డిమాండ్లతో తనిఖీ శాఖకూ, కొనుగోలుదారులకూ విడివిడిగా రాస్తాం. స్విచ్చులు, గొళ్లేలు, గార్డుల ఫోటోలు మా దగ్గర మోడల్ వారీగా ఉన్నాయి.

ఇట్లు,
బేలింగ్ ప్రెస్సులు నడిపే ఆపరేటర్లు, హెల్పర్ల తరఫున
ఒక మెయింటెనెన్స్ ఫిట్టర్